తుపాకీ పేలిన చోట చేతులు కడగొద్దు

2025 జనవరి 16 ఉదయం బీదర్‌లో ఏటీఎంలో నింపడానికి తెచ్చిన నగదును దుండగులు కాల్పులు జరిపి ఎత్తుకుపోయారు. పొద్దుగూకేసరికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో తేలారు. రాయ్‌పూర్ వెళ్లే బస్సు కోసం వచ్చి, బ్యాగులు చూపించమన్నందుకు ట్రావెల్స్ ఉద్యోగి మీద తుపాకీ పేల్చి జనంలో కలిసిపోయారు. అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్. సాయంత్రం పూట అక్కడ రోడ్డు దాటడమే గగనం. అలాంటి చోట తుపాకీ పేలితే పోలీసు జీపు వచ్చేలోపు ఎన్ని వందల చెప్పులు ఆ నేలను తొక్కిపోతాయో ఊహించుకోండి. ఖాళీ తూటా ఎవరి కాలికో తగిలి మోరీలో పడుతుంది. గాయపడ్డవాడి చొక్కాను ఎవరో జాలిపడి నీళ్లతో తుడుస్తారు. తుపాకీ కింద పడి ఉంటే ఇంకెవరో ధైర్యవంతుడు దాన్ని ఎత్తి పక్కన పెడతాడు.

అందరూ మంచి ఉద్దేశంతో చేసే పనులే ఇవి. కేసు పాడయ్యేదీ ఇక్కడే. కాబట్టి ఈ జాగ్రత్తలు ముందుగా కొట్టువాళ్లకు, ఆటోవాళ్లకు, ఆస్పత్రి సిబ్బందికి, బాధిత కుటుంబాలకు. ఆ తర్వాతే పోలీసులకు, ల్యాబ్‌వాళ్లకు.

ఆ పొడి ఏమిటి

తుపాకీ పేల్చినప్పుడు బయటికొచ్చేది ఒక్క గుండే అనుకుంటాం. ట్రిగ్గర్ నొక్కగానే ఒక సూది తూటా అడుగున ఉన్న చిన్న ప్రైమర్‌ను కొడుతుంది. మామూలు ప్రైమర్‌లో సీసం స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, యాంటిమొనీ సల్ఫైడ్ ఉంటాయి. ఆ దెబ్బకు అవి మండి, ఆవిరై, గాలి తగలగానే మళ్లీ గడ్డకట్టి మైక్రాన్లలో కొలవాల్సినంత చిన్న గుండ్రని రేణువులవుతాయి. గొట్టం మూతి నుంచీ, వెనక సందుల నుంచీ ఎగజిమ్మి కాల్చినవాడి బొటనవేలి వెనక, చొక్కా చేతి అంచు మీద, కొన్నిసార్లు ముఖం మీద వాలతాయి. మన వార్తల్లో తరచూ కనిపించే తపంచా అనే నాటు తుపాకీకి బిగువు తక్కువ, సందులెక్కువ. అది కాల్చినవాడి మీదకే ఎక్కువ ఊదుతుంది. పోలీసులు, లాయర్లు ఈ రేణువులను జీఎస్‌ఆర్ (గన్‌షాట్ రెసిడ్యూ) అంటారు. మనం పొడి అనుకుందాం.

సీసం, బేరియం, యాంటిమొనీ మూడూ ఒకే రేణువులో, అదీ కరిగి గడ్డకట్టిన గుండ్రటి రూపంలో కనబడితే అది తుపాకీ నుంచి వచ్చిందనడానికి గట్టి ఆధారం. దాన్ని పట్టుకోవాలంటే ఎక్స్‌రే జోడించిన స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. రేణువు ఆకారాన్ని చూపిస్తూనే అందులో ఏ మూలకాలున్నాయో కూడా చెప్పే యంత్రం అది. పాత రకం తూటాల ప్రైమర్లలో పాదరసం కూడా తగులుతుంది. విదేశాల్లో సీసం లేని తూటాలు వచ్చాక టైటానియం, జింకు కోసం కూడా వెతుకుతున్నారు.

మనుషులు గుర్తుంచుకోవాల్సింది ఆ యంత్రం పేరు కాదు, గడియారం. బతికి ఉండి, తిరుగుతూ, పని చేసుకుంటూ ఉన్న మనిషి చేతుల మీద ఈ పొడి నాలుగు నుంచి ఆరు గంటలకు మించి చాలినంతగా నిలవదు. చేతులు కడిగితే, జేబులో పెట్టుకుంటే, రుద్దుకుంటే ఇంకా ముందే పోతుంది. కదలని శవం చేతుల మీద, ముట్టని బట్టల మీద చాలాసేపు ఉంటుంది.

వీధిలో ఉన్నవాళ్లు

ముందు ప్రాణం. కాల్పుల శబ్దం వినిపిస్తే గోడ వెనక్కో, కొట్టు లోపలికో వెళ్లండి, షట్టర్ దించండి. ఫోన్ తీసి వీడియో పట్టడం ఆ తర్వాతి సంగతి. 112కు ఫోన్ చేసి చోటు చెప్పండి. గాయపడ్డవాళ్లుంటే రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో నొక్కిపెట్టి ఆస్పత్రికి పంపండి. ఆధారాలు పాడవుతాయని గాయపడ్డ మనిషిని ముట్టకుండా నిలబడడం కంటే పెద్ద పాపం లేదు. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపొద్దని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది.

తుపాకీ కింద పడి ఉంటే ముట్టకండి. చిన్నపిల్లలు ఉన్నారు, ఎవరైనా ఎత్తుకుపోతారు అనిపిస్తే ఒక మనిషి దాని పక్కన నిలబడి కాపలా కాయాలి. చుట్టూ నాలుగు కుర్చీలు వేసినా సరే. పెన్ను గొట్టంలోకి దూర్చి తుపాకీని ఎత్తడం సినిమాల్లో చూశాం. దాంతో గొట్టం లోపలి పొడి రాలిపోతుంది. లోపల ఇంకో తూటా ఉంటే ఎత్తినవాడికే ప్రమాదం. వాసన చూసి ఇప్పుడే పేలింది అని తీర్పు చెప్పే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టడం చావుకు దరఖాస్తు పెట్టుకోవడమే.

ఖాళీ తూటాలను ఏరి పొట్లం కట్టి పోలీసులకు ఇవ్వబోకండి. అది ఎక్కడ పడింది, తుపాకీకి ఎంత దూరంలో ఉంది అన్నదే సగం కథ. గాలికి కొట్టుకుపోయే చోట ఉంటే దాని మీద స్టీలు గిన్నె బోర్లించండి, అంతే. నేల కడగొద్దు. కొట్టు ముందు రక్తం మరకలు చూడలేక బకెట్టు నీళ్లు కుమ్మరించడం మనకు అలవాటు. ఆధారాలు సేకరించే పోలీసుల క్లూస్ టీమ్ పని అయ్యేదాకా ఓపిక పట్టండి. కావాలని ఆధారాలు చెరిపేస్తే అది నేరం, భారతీయ న్యాయ సంహితలో 238వ సెక్షన్ దానికోసమే ఉంది.

నమాజు వేళ దగ్గరపడితే ఒక ఇబ్బంది వస్తుంది. కాల్పుల మధ్యలో ఉన్న మనిషి, పోలీసులు ప్రశ్నించాలనుకుంటున్న మనిషి నమాజుకు ముందు చేతులు, ముఖం కడుక్కునే వజూ చేస్తే మోచేతుల దాకా పొడి నీళ్లలో కలుస్తుంది. తర్వాత ఆ మనిషి నేను కాల్చలేదని ఎంత మొత్తుకున్నా చేతులు సాక్ష్యం చెప్పవు. నిర్దోషికే నష్టం ఎక్కువ. అందుకని పోలీసులను ముందు చేతుల మీది పొడి నమూనా, అంటే స్వాబ్, తీసుకోమని అడగండి, ఆ తర్వాత వజూ చేసుకోండి. ఆ పని ఐదు నిమిషాల కంటే ఎక్కువ పట్టదు. పోలీసులు కూడా ఆ ఐదు నిమిషాలు ముందు ఇచ్చేస్తే గొడవే ఉండదు.

బట్టలు, ఆస్పత్రి, శవం

పాతబస్తీలో గాయపడ్డ మనిషిని ఆటోలో వేసుకుని ఎక్కువగా పరుగెత్తేది ఉస్మానియా ఆస్పత్రికే. క్యాజువాలిటీలో కత్తెర ముందుగా పడేది చొక్కా మీద. అక్కడ నర్సులకూ వార్డుబాయ్‌లకూ ఒక్కటే మనవి. గుండు దూసుకెళ్లిన రంధ్రం మీదుగా కత్తిరించకండి, పక్క కుట్టు వెంట కత్తిరించండి. ఆ రంధ్రం చుట్టూ ఉన్న నాలుగంగుళాల గుడ్డ కోర్టులో లాయర్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఎలాగంటే, తుపాకీ ఒంటికి ఆనించి కాలిస్తే గుడ్డ నక్షత్రంలా చీలి, అంచులు కాలి, మసి లోపలి వైపు పట్టేస్తుంది. కొన్ని అంగుళాల దూరమైతే మసి బయట పరుచుకుంటుంది. ఇంకా దూరం జరిగితే మసి పోయి, సగం కాలిన తుపాకీ మందు రేణువులు చెదురుమదురుగా గుచ్చుకుంటాయి. పిస్టల్ అయితే మూడు నాలుగు అడుగులు దాటాక అవీ పలచబడి, చివరికి రంధ్రం ఒక్కటే మిగులుతుంది. ల్యాబ్‌లో ఆ గుడ్డ మీద రసాయనం పట్టించిన కాగితం పెట్టి, అసిటిక్ యాసిడ్‌లో తడిపిన మరో గుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టెతో ఒత్తుతారు. నైట్రైట్ ఉన్న చోటల్లా కాగితం మీద నారింజ రంగు చుక్కలు తేలతాయి. దాన్ని గ్రీస్ పరీక్ష అంటారు. తర్వాత సోడియం రోడిజొనేట్ చల్లితే సీసం ఉన్న చోట గులాబి రంగు వస్తుంది, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అది నీలి ఊదాకు మారితే సీసం ఖాయం. ఆ చుక్కల విస్తీర్ణాన్ని, అదే తుపాకీతో అదే రకం తూటాలు వేర్వేరు దూరాల నుంచి కాల్చిన నమూనాలతో పోల్చి ఎంత దూరం నుంచి కాల్చారో చెబుతారు. ఆత్మహత్యా, హత్యా? పెనుగులాటలో పేలిందా, ఎదురుగా నిలబడి కాల్చారా? ఈ ప్రశ్నలకు జవాబు చాలాసార్లు ఈ గుడ్డలోనే దొరుకుతుంది.

కాబట్టి బట్టలు ఉతకొద్దు, దులపొద్దు, మడిచి ప్లాస్టిక్ కవర్లో కుక్కొద్దు. పెళ్లికి కుట్టించిన షేర్వాణీ అయినా అంతే. రక్తంతో తడిసిన బట్టను నీడలో ఆరనిచ్చి, శుభ్రమైన కాగితం మధ్యలో పరిచి, మరకల వైపు ఒకదానికొకటి తగలకుండా మడిచి కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు బూజు పట్టి కుళ్లుతుంది. నల్ల బుర్ఖా మీద మసి కనిపించడం లేదని ఏమీ లేదనుకోవద్దు, ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో నలుపు మీది మసి కూడా బయటపడుతుంది. ఒక్కో బట్టకు ఒక్కో కవరు. గాయపడ్డవాడి చొక్కా, అతన్ని మోసుకొచ్చిన తమ్ముడి చొక్కా ఒకే సంచిలో వేస్తే తర్వాత ఏ పొడి ఎవరిదో దేవుడే చెప్పాలి.

డాక్టర్లు ఒంట్లోంచి తీసిన గుండును స్టీలు ట్రేలో టంగుమని వేస్తే కొత్త గీతలు పడతాయి. రబ్బరు తొడిగిన పటకారుతో తీసి, ఆరబెట్టి, గాజుగుడ్డలో చుట్టి, సీలు వేసి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు రాసి పోలీసులకు అప్పగించాలి. సెలైన్ సూది గుచ్చే ముందు చేయి స్పిరిట్‌తో తుడవక తప్పదు. అత్యవసరం కానప్పుడు మాత్రం రెండో చేతిని కాగితపు సంచిలో కట్టి వదిలేయండి.

చనిపోతే కుటుంబానికి కష్టమైన గంటలు అవి. ముస్లిం ఇళ్లలో ఎంత తొందరగా గుసుల్ (శవస్నానం) చేయించి, ఖననం చేస్తే అంత మంచిదని భావిస్తారు. తుపాకీ గాయంతో పోయిన మనిషికి పోస్టుమార్టం కాకుండా గుసుల్ చేయించొద్దు. హిందువుల ఇళ్లలో పసుపు రాసి స్నానం చేయించడమూ అంతే. చేతులకు కాగితపు సంచులు తొడిగి మణికట్టు దగ్గర దారంతో వదులుగా కడతారు, వాటిని విప్పొద్దు. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టంలకు అనుమతి ఇచ్చింది. కానీ శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్యలు, ఆత్మహత్యలు, అనుమానాస్పద మృతులకు ఆ వెసులుబాటు లేదు. అంటే రాత్రి పోయినవాళ్ల శవం తెల్లారేదాకా మార్చురీలోనే. ఈ సంగతి కుటుంబానికి ముందే, మర్యాదగా చెప్పడం పోలీసుల పని. చెప్పకపోవడం వల్లే చాలాచోట్ల మార్చురీ గేటు దగ్గర తోపులాటలు జరుగుతాయి.

పోలీసులకు

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడో క్లాజు ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ పనిని వీడియో తీయాలి. దీన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. తుపాకీతో హత్య, హత్యాయత్నం కేసులు ఈ లెక్కలోకే వస్తాయి. క్లూస్ టీమ్ వచ్చేసరికి మొదటి కానిస్టేబుల్ చేసిన పనిని వెనక్కి తిప్పలేరు కనుక, కానిస్టేబుల్‌కు చెప్పాల్సిందే ఎక్కువ.

నడుముకు తుపాకీ కట్టుకున్న చేత్తో అనుమానితుడి చేతులు పట్టుకోకండి. ఆయుధం ముట్టని మనిషి, చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని స్వాబ్ తీయాలి. తుపాకులు మోసే జీపు సీటు మీద అనుమానితుణ్ని కూర్చోబెట్టి స్టేషన్‌కు తెచ్చాక పొడి దొరికిందంటే, అది అతనిదా జీపుదా అని అడిగే లాయర్ తప్పకుండా దొరుకుతాడు. తీసుకెళ్లక తప్పకపోతే సీటు మీద కొత్త కాగితమో దుప్పటో పరవండి. చేతులకు కాగితపు సంచులు కట్టండి. ప్లాస్టిక్ సంచి కడితే చెమట పట్టి పొడి కారిపోతుంది.

వేలిముద్రల సిరా కంటే ముందు స్వాబ్. కుడి అరచేయి, కుడి చేతి వెనక, ఎడమ అరచేయి, ఎడమ చేతి వెనక, నాలుగు చోట్లకు నాలుగు విడి నమూనాలు. మైక్రోస్కోప్ పరీక్షకైతే కార్బన్ జిగురు ఉన్న చిన్న బిళ్లలు (స్టబ్‌లు), మూలకాల మొత్తం పరీక్షకైతే 5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో తడిపిన దూది పుల్లలు. ఎవరి చేతికీ తాకించని ఒక ఖాళీ స్టబ్‌నో, పుల్లనో కూడా కంట్రోల్‌గా సీలు చేసి పంపాలి. అది లేని రిపోర్టును ఎదుటి పక్షం గాలిలో కలిపేయగలదు. అనుమానితురాలు మహిళ అయితే ఆ పని మహిళా సిబ్బందే చేయాలి.

గుండు ముక్కు మీద, తూటా అడుగున మేకుతో పేరు గీకే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. మానేయండి. గుర్తు కవరు మీద పెట్టండి. సీలు, సంతకం, తేదీతోపాటు గంట, నిమిషం రాయండి. గంట రాయని పంచనామా ఈ రకం కేసులో సగం పంచనామానే.

రెండువైపులా తుపాకులు పేలిన చోట పని ఇంకా చిక్కు. 2011 ఏప్రిల్ 30న బార్కస్‌లో ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ మీద దాడి జరిగినప్పుడు దుండగులూ కాల్చారు, ఆయన అంగరక్షకుడూ కాల్చాడు. దాడికి వచ్చినవాళ్లలో ఒకడు చనిపోయాడు. 2017లో కోర్టు నలుగురిని దోషులుగా తేల్చి, మిగతావాళ్లను విడిచిపెట్టింది. అలాంటి చోట గాలిలో పొడి అందరి మీదా పడుతుంది. పేలిన తుపాకీకి మూడు నాలుగడుగుల్లో నిలబడ్డవాడి చేతుల మీదా దొరుకుతుంది. అక్కడ చేతుల స్వాబ్ కంటే ఎవరి బట్ట మీద ఎలాంటి మసి ఉంది, ఏ ఖాళీ తూటా ఏ తుపాకీ నుంచి జారింది అన్నవే దారి చూపిస్తాయి.

పోలీసులే కాల్చినప్పుడు నియమం మరీ కఠినంగా ఉండాలి. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. ఆ కాల్పులపై విచారణకు జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్ వేశారు. ఏడేళ్ల తర్వాత, 2014 సెప్టెంబరులో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలకు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలని, అవసరమైన చోట జీఎస్‌ఆర్ పరీక్ష చేయాలని వాటిలో స్పష్టంగా ఉంది. ఆయుధం శుభ్రం చేసి అప్పగించడం అప్పగించనట్టే.

సుర్మా, కాకరపువ్వొత్తి, బ్రేకు పొడి

ఇంతదాకా పొడిని కాపాడమన్నాను. ఇప్పుడు దాన్ని అతిగా నమ్మొద్దని చెప్పాలి.

చార్మినార్ చుట్టూ అత్తరు కొట్ల ముందు నిలబడితే చిన్న సీసాల్లో సుర్మా కనిపిస్తుంది. నల్లగా, కొంచెం మెరుస్తూ, పుల్లకు అంటుకుంటే వెంటనే పోని పొడి. పాత పద్ధతి సుర్మా యాంటిమొనీ సల్ఫైడ్, తుపాకీ ప్రైమర్‌లో ఉండేదీ అదే పదార్థం. ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు సీసం సల్ఫైడ్. పొద్దున్నే సుర్మా పెట్టుకున్న మనిషి వేళ్ల మీద సీసమో యాంటిమొనీయో దొరకడంలో వింత లేదు. బేరియం మాత్రం దొరకదు, రేణువు కూడా కరిగి గడ్డకట్టిన గుండ్రని రూపంలో ఉండదు, పలుకులుగా ఉంటుంది. మూలకాల మొత్తం మాత్రమే చెప్పే పాత పరీక్షకు ఆ తేడా తెలియదు, మైక్రోస్కోప్‌కు తెలుస్తుంది. (పనిలో పనిగా: పసిపిల్లల కళ్లకు సుర్మా పెట్టకండి. ఆ సీసం వేళ్ల మీదుగా నోట్లోకి వెళ్లి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.)

కాకరపువ్వొత్తుల్లో బేరియం నైట్రేట్ ఉంటుంది. బేరియం లవణాలున్న టపాసులు వద్దని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పినా, దీపావళి రాత్రి, షబ్ ఏ బరాత్ రాత్రి గల్లీలో ఏమి కాలుతుందో మనకు తెలియంది కాదు. టపాసుల పొడితో పాటు పొటాషియం, అల్యూమినియం, మెగ్నీషియం కూడా కలిసి వస్తాయి కనుక జాగ్రత్తగా చూసే పరీక్షకుడు విడదీయగలడు. ఆటోలకు బ్రేకులు బిగించే మెకానిక్ చేతుల్లో బేరియం, యాంటిమొనీ ఉండొచ్చు. బ్యాటరీలు విప్పేవాడి చేతుల్లో సీసం. అందుకని పోలీసులు స్వాబ్ తీసేటప్పుడే వృత్తి ఏమిటి, ఆ రోజు చేతులతో ఏ పని చేశారు, టపాసులు ముట్టుకున్నారా అని అడిగి కాగితం మీద పెట్టాలి. అడగకపోతే మీరే చెప్పి రాయించండి.

ఒకప్పుడు పారాఫిన్ పరీక్ష ఉండేది. చేతుల మీద కరిగించిన మైనం పోసి, అది ఆరాక తొడుగులా ఊడదీసి, డైఫినైలమైన్ వేస్తే నీలం చుక్కలు వచ్చేవి. నీలం వస్తే కాల్చినట్టే అని దశాబ్దాలు నమ్మారు. పొగాకు నలిపినా, ఎరువు చల్లినా నీలమే వస్తుందని తెలిశాక 1960ల నాటికి నిపుణులు దాన్ని పక్కన పెట్టేశారు. గుండులోని సీసంలో ఉండే మలినాలను కొలిచి ఈ గుండు ఫలానా పెట్టెలోదే అని చెప్పే పద్ధతిని అమెరికా ఎఫ్‌బీఐ దశాబ్దాల పాటు వాడి, అది నిలబడదని తేలాక 2005లో వదులుకుంది.

అన్నింటికంటే లండన్ కేసు గుర్తుంచుకోవాలి. 1999 ఏప్రిల్‌లో బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండోను ఇంటి గుమ్మంలో కాల్చి చంపారు. బారీ జార్జ్ అనే మనిషి కోటు జేబులో ఒక్కటంటే ఒక్క రేణువు దొరికింది. 2001లో యావజ్జీవం పడింది. ఆ ఒక్క రేణువు ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చని నిపుణులు ఒప్పుకున్నాక 2007లో అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. 2008లో మళ్లీ విచారించి నిర్దోషిగా వదిలారు. అప్పటికి ఆయన ఎనిమిదేళ్లు జైల్లో ఉన్నాడు.

ఇనప్పెట్టెలో తాతగారి తుపాకీ

పాత దేవిడీల్లో, పాత జాగీర్దారు కుటుంబాల్లో నిజాం కాలం తుపాకీ బట్టలో చుట్టి ఉండడం వింత కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నంతకాలం అవి అందంగానే ఉంటాయి. ఇంట్లో ఉంటే మాత్రం జాగ్రత్త. గొట్టం మూతి నుంచి మందు కూరే పాత తుపాకీలో తాతల నాడు కూరిన మందు ఇంకా ఉండొచ్చు. దుమ్ము దులపడానికి కడ్డీ దూర్చొద్దు, వేడి చేయొద్దు. లైసెన్సుదారు చనిపోతే, లైసెన్సు గడువు తీరితే ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ ఉంటే తక్కువలో తక్కువ రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. తుపాకీ మోయడం కంటే స్టేషన్‌కు ఫోన్ చేసి ఇంటికి వచ్చి తీసుకెళ్లమనడం మేలు.

పెళ్లి బరాత్‌లో మర్ఫా డప్పులు మోగుతుంటే గాల్లోకి కాల్చాలని ఎవరికైనా బుద్ధి పుడితే పెద్దలు అక్కడికక్కడే ఆపాలి. పైకి వెళ్లిన గుండు కిందికే వస్తుంది, ఎవరి మేడ మీద పడుతుందో తెలియదు. అలాంటి కాల్పులకు అదే 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది.

జుమేరాత్ బజార్‌లో, కబాడీ కొట్లలో తుక్కు కొనేవాళ్లకు ఒక మాట. ఇత్తడి తూటా కనబడితే సుత్తితో కొట్టి విరవబోకండి, కరిగించబోకండి. ఖాళీదనుకున్నది ఖాళీది కాకపోవచ్చు. వెనక్కి జరిగి 112కు చెప్పండి.

ల్యాబ్‌లో

రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్, రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబ్ వాళ్లకు ఈ పని కొత్త కాదు, కొత్తగా చేరే పిల్లలకు రెండు మాటలు చాలు. తపంచాను చేత్తో పట్టుకుని పరీక్షకు కాల్చొద్దు, స్టాండుకు బిగించి దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగాలి, అది చేతిలో పగిలిపోయే రకం. తుపాకులు కాల్చే గది బట్టలతో స్వాబ్‌లు చూసే గదిలోకి అడుగు పెట్టొద్దు. నైట్రిక్ యాసిడ్ ఫ్యూమ్ హుడ్ కింద తప్ప తెరవొద్దు, టిఫిన్ డబ్బా ఆ గదుల్లోకి తేవొద్దు.

పంచనామా మీద సంతకం పెట్టేముందు

ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టును నిపుణుణ్ని పిలవకుండానే కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. మీకు అనుమానం ఉంటే ఆ నిపుణుణ్ని పిలిపించమని మీ లాయర్ చేత అడిగించండి. రిపోర్టులో 'కాల్చాడు' అని రాసి ఉంటే అది నిపుణుడి హద్దు దాటిన మాట. పొడి ఉందనో, లేదనో, అది ఏ రకమనో మాత్రమే రసాయనం చెప్పగలదు. కాల్చి ఉండొచ్చు, కాలుస్తుంటే పక్కన ఉండొచ్చు, కాల్చిన తుపాకీని ముట్టుకుని ఉండొచ్చు. మూడింటికీ తేడా చెప్పేది మిగతా సాక్ష్యం. పొడి దొరకలేదు కనుక కాల్చలేదు అనడమూ అంతే పొరపాటు, చేతులు కడిగి ఉండొచ్చు, గంటలు గడిచి ఉండొచ్చు.

మీ ఇంటి మనిషి బాధితుడైనా, నిందితుడైనా పంచనామాలో మూడు సంగతులు వెతకండి. స్వాబ్ తీసిన సమయం ఎంత? తీసిన మనిషి అంతకుముందు ఆయుధం ముట్టాడా? కంట్రోల్ నమూనా సీలు చేశారా? ఈ మూడూ ఉన్నాయో లేదో చదివాకే సంతకం పెట్టండి. తెలుగు చదవడం రాకపోతే ఉర్దూలో చదివి వినిపించమనండి. మొహమాటం అక్కర్లేదు, తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష.